పాత పొగగూడు పొయ్యి: పగలగొట్టాలా, బాగు చేయించాలా?

పెన్నాగట్టు (సోమవారం)

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా, యర్రగుంట్ల దగ్గర పల్లె. ఇల్లు 1987లో నాయన కట్టించింది. వంటింట్లో తూర్పు గోడకు ఆనించి కట్టెల పొయ్యి, దాని మీద పొగ గొట్టంలోంచి పైకి పోయేట్టు పొగగూడు ఉన్నాయి. అప్పట్లో మా ఊళ్ళో అందరివీ మట్టి మిద్దెలు, పొగ పోవడానికి గవాచి తప్ప వేరే దారి లేదు. నాయన ప్రొద్దుటూరులో ఎవరింట్లోనో చూసొచ్చి ఇది కట్టించినాడంట. అరుగు 32 అంగుళాల ఎత్తు. గూడు మూతి 30 అంగుళాల వెడల్పు, 24 ఎత్తు. తర్వాత ఎప్పుడో దాని చుట్టూ గులాబీ పూల టైల్స్ అంటించి, పైన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ కొట్టించినాడు. 1999 తర్వాత దీపం పథకంలో గ్యాస్ వచ్చింది. అప్పటి నుంచి గూడులో బియ్యం డబ్బాలే.

మొన్న సంక్రాంతికి డబ్బాలు తీసి, సంగటి చేద్దామని మంట పెట్టినాం. ఐదు నిమిషాల్లో ఇల్లంతా పొగ. పండగ పూట ఇంటిల్లిపాదీ వాకిట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాం. ఇంటామె మొత్తం పగలగొట్టి, ఆ గోడకు అల్మారాలు పెట్టిద్దామంటోంది. పిలిపించిన కాంట్రాక్టరు అయితే పగలగొట్టే పని కూడా లేదు, ముందర ప్లైవుడ్ కొట్టి లైట్లు పెడితే సరిపోతుందన్నాడు. నాకు మనసొప్పడం లేదు. అమ్మ ఏమీ అనదు. ఏం చేయమంటారు?

ఉగ్గాని బజ్జీ

మన కడపలో మే నెలలో గోడ మీద రొట్టె వేసినా కాలుతుంది. మళ్ళీ ఇంట్లో పొయ్యి ఎందుకన్నా? పగలగొట్టు.

తాడిపత్రి బండ

తొందరపడొద్దు. నేను ముప్పై ఏళ్ళుగా బండల పని చేస్తున్నా, ఇట్లాంటి గూళ్ళు చాలా చూసినా. నాలుగు సంగతులు చెప్పు. గొట్టం దేనిది, ఎంత లావు? మిద్దె మీద ఎంత ఎత్తుకు లేచింది? ఇల్లు కట్టినాక మిద్దె మీద ఏమైనా కట్టినారా? వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా?

పెన్నాగట్టు

ఇప్పుడే మిద్దె ఎక్కి చూసొచ్చినా అన్నా. గొట్టం బూడిద రంగుది, సిమెంటు గొట్టం మాదిరి, నాలుగు అంగుళాలది. స్లాబు మీద అడుగు మాత్రమే లేచింది, పైన వాన పడకుండా బండ ముక్క పెట్టినారు. 2011లో పైన ఒక గది వేసినాం. గొట్టానికీ ఆ గది గోడకూ మధ్య మూడు అడుగులు కూడా లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. ఆ రోజు పొగ పోతుందని అదే వేసినాం!

ఒహాయోలో గుంతకల్లోడు

హహ, ఆ ఫ్యానే సగం దొంగ. నేను ఉండేది ఒహాయోలో, మా ఇల్లు పాతది. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది, రెండేళ్ళ కింద దాన్ని బాగు చేయించుకున్నా. అది చలి కాచుకునేది, నీది వంట చేసుకునేది. కానీ పొగకు ఆ తేడా తెలియదు.

వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, పోతూ పోతూ గదిలో గాలిని వెంట లాక్కుపోతుంది. ఆ లాగుడే అసలు సంగతి. తలుపులు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, ఫ్యాను గదిలో గాలిని బయటికి తోస్తుంది. మరి ఆ ఖాళీలోకి గాలి ఎక్కడి నుంచి రావాలి? గొట్టంలోంచే కిందికి దిగుతుంది, పొగను వెంటబెట్టుకొని.

ఇక్కడ మేస్త్రీలు 3-2-10 అంటారు. గొట్టం మిద్దె మీద కనీసం మూడు అడుగులు లేవాలి. పది అడుగుల లోపల గోడో గదో ఏదుంటే దాని కంటే రెండు అడుగులు ఎత్తు ఉండాలి. నీ గొట్టం పక్కనే తొమ్మిదీ పది అడుగుల గది ఉంది. గాలి ఆ గోడకు కొట్టుకొని కిందికి మళ్ళుతుంది, పొగను తిరిగి లోపలికి నూకుతుంది.

ఇంకోటి గొట్టం లావు. గూడు మూతి వైశాల్యంలో సుమారు పదో వంతు గొట్టానికి ఉండాలి. నీది 30 × 24, అంటే 720 చదరపు అంగుళాలు. పదో వంతు 72. నాలుగు అంగుళాల గొట్టం వైశాల్యం పన్నెండున్నర. కావలసిన దాంట్లో ఆరో వంతు! బోరు నీళ్ళను సెలైన్ పైపులోంచి పంపినట్టు.

తాడిపత్రి బండ

లెక్క బాగుంది తమ్ముడూ. మేము లెక్క వేయకుండా కంటితో చూసి చేస్తాం గానీ వచ్చేది అదే.

పెన్నాగట్టూ, ఆ బూడిద రంగు గొట్టం మీద చేయి వేయొద్దు. చెప్పిన తీరు చూస్తే అది ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టం. దాన్ని గ్రైండర్‌తో కోయడం, సుత్తితో పగలగొట్టడం చేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే బయటికి రాదు. నీళ్ళు చల్లి తడిపి, చుట్టూ గోడ తవ్వి, గొట్టాన్ని గొట్టంగానే తీయించు. ప్లాస్టిక్ పట్టలో చుట్టి కట్టేయాలి.

రెండోది మన బండ సంగతి. అందరూ చేసే తప్పు ఇదే. కడప బండ బాగుంటుందని గూడు లోపల కూడా పరిపిస్తారు. ఈ బండ నాపరాయి, సున్నపురాయి జాతి. మంట ముందర పైపొర వేడెక్కి ఉబ్బుతుంది, వెనకపొర చల్లగానే ఉంటుంది. ఠాప్‌మని పెచ్చు లేస్తుంది. మా మేనమామ ఇంట్లో ఆ పెచ్చు లేచి పాలగిన్నెలో పడింది, ఎవరికీ తగల్లేదు గాబట్టి నవ్వుకున్నాం. మీ యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేది ఈ జాతి రాయినే గదా, మళ్ళీ దాన్ని తెచ్చి పొయ్యిలో పెట్టడం ఎందుకు? బండ అరుగు ముందుకు, పక్కలకు, పైన షెల్ఫుకు పెట్టుకో. మంట తగిలే చోట ఫైర్‌బ్రిక్, అంటే వేడికి తట్టుకునే ఇటుక.

ఫైర్‌బ్రిక్ 9 × 4½ × 3 అంగుళాలు ఉంటుంది. ఐ.ఎస్. 8 అనే ప్రమాణం ఉన్నది అడిగి తీసుకో. నిలువు అంచు మీద కడితే మూడు అంగుళాల మందం వస్తుంది. సందుల్లో మామూలు సిమెంటు వద్దు, మంట వేడికి అది బలం పోయి రాలుతుంది. ఫైర్‌క్లే మట్టితో రెండు మూడు మిల్లీమీటర్ల సందుతో కట్టమను. మన మేస్త్రీలు అలవాటు కొద్దీ అర అంగుళం సందు పెడతారు, పక్కన నిలబడి చూసుకో. పాత గోడకూ ఫైర్‌బ్రిక్‌కూ మధ్య అర అంగుళం ఖాళీ వదిలి ఇసుకతో నింపితే ఇటుక వేడికి సాగినా గోడ పగలదు.

ఈశాన్యం

పొయ్యి ఆగ్నేయంలోనే ఉందా అండీ? వండేవాళ్ళు తూర్పు ముఖంగా నిలబడతారా?

పెన్నాగట్టు

రెండూ అవునండీ. వాస్తు బ్రహ్మాండంగా ఉంది, పొగే పోవడం లేదు.

నర్సక్క కర్నూలు

అందరూ పొయ్యి గురించి మురిసిపోతున్నారు, నేనొక్కదాన్ని చేదు మాట చెప్తా. మా ఆసుపత్రికి ఆయాసంతో వచ్చే ముసలమ్మల్లో చాలామంది జీవితంలో ఒక్క బీడీ కూడా తాగినవాళ్ళు కాదు. నలభై ఏళ్ళు పొయ్యి ఊదినవాళ్ళు. 2020లో ఇంటిలోపలి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ అమ్మ వయసెంత, దగ్గు ఉందా?

ఆ ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ గురించి కూడా. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచి. మీ గూడు రంగు దానికి ఎన్నో ఏళ్ళ ముందుది. పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. తడిపి గీకించండి. గీకేటప్పుడు చిన్నపిల్లల్ని, గర్భిణులను ఇంట్లో ఉంచొద్దు. రాలిన పొట్టు దొడ్లో పారేస్తే కోళ్ళు తింటాయి, జాగ్రత్త.

కందికట్టె

అక్కా, మీరు చెప్పింది నిజమే. కానీ పొగ తప్పు పొయ్యిది కాదు, కట్టినవాళ్ళది. మా అవ్వది మడకశిర పక్క, అప్పట్లో అనంతపురం జిల్లా. అక్కడ కన్నడ ఊళ్ళ నుంచి వచ్చిన అస్త్ర ఒలె ఉండేది. బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పల్లెల కోసం అస్త్ర అని ఒక విభాగం 1974లో పెట్టినారు, వాళ్ళు తయారు చేసిన పొయ్యి అది. వరసగా మూడు కుండలు. ముందు కుండ కింద మంట, ఆ వేడే రెండో దాని కింది నుంచి మూడో దాని కిందికి పోయి, అక్కడి నుంచి గొట్టంలోకి. మూడో దాంట్లో స్నానానికి నీళ్ళు వాటంతట అవే కాగేవి. మన పాత పొంత లాగే, కాకపోతే పొగ బయటికి. అవ్వ చీర కొంగుకు మసి వాసన ఉండేది కాదు.

కట్టె కూడా చూసుకోవాలి. పచ్చి కంపకట్టె పెడితే ఎంత మంచి గొట్టమున్నా దండగ. ఏడాది ఎండిన తుమ్మకట్టె, అంటించడానికి కందికట్టె.

నర్సక్క కర్నూలు

అందరి అవ్వలకూ అస్త్ర ఒలె లేదు తమ్ముడూ.

ఆదోని ఆడపడుచు

నాలుగు రోజుల నుంచి చదువుతున్నా. గొట్టం లావు, ఇటుక మందం, బండ జాతి అన్నీ వచ్చినాయి. పెన్నాగట్టు గారూ, మొదటి పోస్టులో అమ్మ ఏమీ అనదు అని రాసినారు. అడిగినారా?

ఎందుకంటే నాకు మీ కొలతల్లో ఒకటి నచ్చలేదు. అరుగు 32 అంగుళాలు. నిలబడి గ్యాస్ మీద కూర చేయడానికి అది సరిపోతుంది. కట్టెల పొయ్యి మీద కుండలో సంగటి గెలకాలంటే పైనుంచి బరువు వేయాలి, కుండ కదలకుండా అదిమి పట్టాలి. 32 అంగుళాల అరుగు, దాని మీద పొయ్యి, దాని మీద కుండ అంటే చేతులు భుజాల దాకా లేపాలి. జొన్న రొట్టె తట్టి పెనం మీద వేయాలన్నా అంతే. మీ నాయన ఎవరింట్లోనో చూసొచ్చి కట్టించినారు అన్నారు కదా. మీ అమ్మ దాని మీద ఎన్నేళ్ళు సంగటి చేసింది?

పెన్నాగట్టు

అక్కా, తల దించుకొని రాస్తున్నా.

నిన్న రాత్రి అన్నం తిన్నాక అడిగినా. అమ్మ నవ్వింది. దాని మీద పాలు కాచేది, కూరలు చేసేదంట. సంగటి మాత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి చేసేదంట. నాకు ఆ మూడు రాళ్ళు గుర్తున్నాయి. వానొస్తే తడవకుండా దాని మీద రేకు ముక్క కప్పేవాళ్ళం. ఎందుకు ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు. ‘మీ నాయన అంత ముచ్చటపడి కట్టిస్తే ఎత్తైందని ఎట్లంటాను’ అన్నది.

ఎంత ఎత్తు కావాలమ్మా అంటే కుర్చీపీట తెచ్చుకొని కూర్చొని, చేయి చాపి చూపించింది. టేపు పెట్టి కొలిచినా, 18 అంగుళాలు. ఇంకోటి కూడా చెప్పింది. రోజూ కాదంట, ఆదివారం సంగటికి, పండగలకు చాలంట. పొద్దున కాఫీకి గ్యాసే కావాలంట. నర్సక్కా, అమ్మకు 71. దగ్గు లేదు, మోకాళ్ళ నొప్పి ఉంది.

నర్సక్క కర్నూలు

వారానికి ఒకసారి, పొగ పైకి పోయే పొయ్యి, ఎదురుగా తెరిచిన కిటికీ అయితే నాకు అభ్యంతరం లేదు. ఒక్క మాట మాత్రం. మంట ఆరినాక నిప్పులు మిగిలి ఉండగా కిటికీ మూసి పడుకోవద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, కళ్ళు మండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మోకాళ్ళ నొప్పికి కుర్చీపీట కాస్త ఎత్తుది చేయించండి.

ఒహాయోలో గుంతకల్లోడు

అరుగు 14 అంగుళాలు తగ్గితే గూడు మూతి అంత పెద్దదవుతుంది అన్నా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇట్లా చేయి. పక్కలకు ఫైర్‌బ్రిక్ కడితే ఇసుక సందుతో కలిపి అటు మూడున్నర, ఇటు మూడున్నర పోయి వెడల్పు 23 మిగులుతుంది. పై నుంచి ముందరకు ఒక ఇనుప రేకు దించి, అరుగు నుంచి 21 అంగుళాల దగ్గర ఆపు. 23 × 21 అంటే 483. పదో వంతు 48. ఎనిమిది అంగుళాల గొట్టం వైశాల్యం 50. బాగా కుదిరింది!

రేకు బిగించే ముందు అట్టముక్క పట్టుకొని చూడు. మంట పెట్టి, అట్టను మెల్లగా కిందికి దించుతూ పోతే ఎక్కడో ఒకచోట పొగ బయటికి రావడం ఆగుతుంది. అక్కడ గీత గీసుకో. నా లెక్క కంటే ఆ గీతనే నమ్ము.

తాడిపత్రి బండ

గొట్టం నేరుగా పైకి పోవాలి, మలుపు తప్పకపోతే 45 డిగ్రీలు దాటొద్దు. కింద మూడు నాలుగు అడుగులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించు, జింకు పూత రేకు వద్దు.

ఉగ్గాని బజ్జీ

పగలగొట్టు అన్నది నేనే. వెనక్కి తీసుకుంటున్నా. సంగటి రోజు పిలవండి.

రాయలసీమ రుచులు

ముందర నల్ల కడప బండ నున్నగా పాలిష్ పట్టించండి అన్నా, అద్దం మాదిరి ఉంటుంది.

తాడిపత్రి బండ

వంటింట్లో నున్నటి పాలిష్ వారం రోజుల ముచ్చట. సున్నపురాయి గాబట్టి నిమ్మకాయ పిండినా, చింతపండు రసం ఒలికినా తెల్లటి మచ్చ తింటుంది. నమ్మకపోతే బండ ముక్క మీద ఒక చుక్క నిమ్మరసం వేసి చూడు, సన్నగా బుడగలు వస్తాయి. గరుకుగా ఉన్న బండ తీసుకో, నెలకొకసారి చెనిక్కాయ నూనె గుడ్డతో తుడువు. గూడు పైభాగానికి మళ్ళీ ఆయిల్ పెయింట్ కొట్టొద్దు, సున్నం కొట్టు.

ఒహాయోలో గుంతకల్లోడు

సున్నం మాటకు నా ఓటు. నేను మా ఇటుకల మీద తెల్ల పెయింట్ కొట్టి ఇప్పుడు ఏడుస్తున్నా. ఇటుక రంధ్రాల్లోకి పోయిన రంగు తీయడం బ్రహ్మతరం కాదు.

పెన్నాగట్టు (ఐదు వారాల తర్వాత)

అందరూ కూర్చోండి, నవ్వు ఆపుకోండి.

తడిపి గొట్టం తీయించినాం. మేస్త్రీ గూడు గొంతులోకి చేయి పెట్టి, ఏదో మెత్తగా ఉందన్నాడు. పాము అనుకొని అందరం వెనక్కి దూకినాం. కట్టె పెట్టి లాగితే వచ్చింది గోనెసంచి! నల్లగా మసిబారి, అంచులు కాలి. 2011లో పైగది కట్టేటప్పుడు దుమ్ము కిందికి రాకుండా ఎవరో కుక్కినారు, తీయడం మరిచిపోయినారు. ఇన్ని రోజులు మనం వేసిన లెక్కలు గోనెసంచి ముందర కూర్చొని వేసినవి.

కందికట్టె

అయ్యో దేవుడా. 3-2-గోనె!

ఒహాయోలో గుంతకల్లోడు

నవ్వండి, నవ్వండి. సంచి తీసినాక పాత కొలతలతోనే ఒకసారి అగరుబత్తి పెట్టి చూసినావా లేదా అన్నా?

పెన్నాగట్టు

చూసినా. గొట్టం తీసిన బొక్క కింద అగరుబత్తి పెడితే పొగ కాసేపు పైకి పోయింది. పైన గాలి కొట్టినప్పుడల్లా తిరిగి నా మొహం మీదికే వచ్చింది. కాబట్టి నీ లెక్క బతికిపోయింది.

ఇప్పుడున్న పరిస్థితి ఇదీ. అరుగు 18కి దించినాం. 60 ఫైర్‌బ్రిక్‌లు తెప్పిస్తే 9 మిగిలినాయి. ఎనిమిది అంగుళాల గొట్టం పైగది గోడ పక్కనే లేపి, గది కంటే రెండు అడుగులు పైకి తీసుకుపోయినాం. అట్టముక్క గీత 20 అంగుళాల దగ్గర వచ్చింది, ఒక అంగుళం తేడా. ముందర గరుకు బండ. గులాబీ టైల్స్‌లో ఒక్కటి పగలకుండా ఊడింది, దాన్ని ఇంటామె షెల్ఫు చివర అంటించమంది. అల్మారాలు పక్క గోడకు వచ్చినాయి, అది మా ఇద్దరి ఒప్పందం.

ఫైర్‌క్లే మూడు రోజులు ఆరనిచ్చినాం. తర్వాత ఐదు రోజులు పూటకు నాలుగు పుల్లలు మాత్రమే. అమ్మకు ఓపిక పోయి, ‘పొయ్యికి అన్నప్రాసన చేస్తున్నారా’ అన్నది. నిన్న ఆదివారం సంగటి, ఊరుబిండి, నాటుకోడి పులుసు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచినాం. ముందర ఒక పేపరు కాగితం అంటించి గొట్టం మూతి దగ్గర పట్టుకుంటే గొట్టం వేడెక్కి గుబుక్కున లాగింది. ఇంట్లో ఎవరి కంట్లోనూ నీళ్ళు లేవు.

ఆదోని ఆడపడుచు

అమ్మ ఏమన్నది?

పెన్నాగట్టు

కుండ దించకుండా పొయ్యి మీదే గెలికింది. అరుగు ఇంకో రెండు అంగుళాలు తగ్గింటే బాగుండు అన్నది.

మిత్రులారా, కొత్త సమస్య. పొగ ఇప్పుడు బాగా పైకి పోయి పక్కింటి మిద్దె మీద దిగుతోంది. పక్కింటి పెద్దమ్మ అక్కడ ఎండుమిరపకాయలు పోసుకుంటుంది. పొద్దున వచ్చి మసి పడిన మిరపకాయ ఒకటి నా అరచేతిలో పెట్టి, మాట్లాడకుండా పోయింది. గొట్టం మీద ఎట్లాంటి మూత పెట్టాలి?

తాడిపత్రి బండ

మూత గొట్టం మూతికి ఆనకూడదు, కనీసం ఎనిమిది అంగుళాల ఎడం ఉండాలి. చుట్టూ జాలీ కట్టు, నిప్పురవ్వలు ఆగుతాయి. జాలీకి మసి పడుతుంది, రెండు నెలలకొకసారి ఎక్కి దులుపు. ఆదివారం మంట పెట్టే ముందు పెద్దమ్మకు చెప్పి మిరపకాయలు ఎత్తించు. ఒక ముద్ద సంగటి కూడా పంపు.